ముక్కుపొడి పీల్చే దైవం

ఉదయం ఏడో ఫైలు దగ్గర ద్రష్ట ఆగింది.

ఆగడం ఆ యంత్రానికి కొత్తేమీ కాదు. ఊరందరి తలగడల్లో పోగైన కలల్ని బొమ్మలుగా, మాటలుగా విడగొట్టి, ఏ కల ఏ శాఖదో తేల్చి పంపుతూ పోతుంది. ఎక్కడైనా ఒక మాట అర్థం పొసగకపోతే మాత్రం మొండికేస్తుంది. అప్పుడు నివేదిత బల్ల మీది పలకపై ఒక ప్రశ్న వెలుగుతుంది. దానికి జవాబు చెప్పడమే ఆమె ఉద్యోగం. కొత్తతీరం స్వప్న కార్యాలయం మొత్తానికి పదనిర్ణేత ఆమె ఒక్కతే. పదకోశంలో ఆమె ఒక మాటకి అర్థం రాసిందంటే, ఆ మాట ఉన్న ప్రతి ఫైలూ నిమిషాల్లో ఆ అర్థానికి తగ్గట్టు మారిపోతుంది. పదకొండేళ్ళ సర్వీసులో ఆమె రాసింది ఒక్కటీ రద్దు కాలేదు.

ఈసారి పలక మీద ఇలా ఉంది: "దైవము ముక్కుపొడి పీల్చునా? నిర్ధారింపుడు."

నివేదిత రెండుసార్లు చదివి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుని, ఫక్కున నవ్వింది. ద్రష్టకి గ్రాంథికం నేర్పిన మహానుభావుడెవరో గానీ, ఎంత పిచ్చి ప్రశ్ననైనా అది పెద్దమనిషి తరహాలోనే అడుగుతుంది. ఫైలు తెరిచింది. కలగన్న మనిషి పేరు ఓబులేసు. వయసు డెబ్బై రెండు. నిర్జల మండలం సరిహద్దులో నీటి గొట్టాలకి కాపలాదారు, ఈ మధ్యే ఊళ్ళోకి వచ్చి చేరాడు. పునఃస్వప్నం, నెలకి ఇరవై రెండుసార్లు. కల సారాంశం ఇంతే: జేజి గడప మీద కూర్చుంది. జేజి ముక్కుపొడి పీల్చింది. జేజి తుమ్మింది. పిల్లవాడు నవ్వాడు. జేజి పిల్లవాడి వీపు మీద ఒక్కటేసింది.

పదకోశంలో 'జేజి' అన్న మాటకి ఎదురుగా 'దైవం' అని ఉంది. కోశం పుట్టిన మొదటి రోజున రాసిన అర్థం అది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ దాని జోలికి పోలేదు. చూస్తే ఇక్కడేమో దైవం తుమ్ముతోంది. గడప, వీపు మీద దెబ్బ, ఇవన్నీ బంధు శాఖ గుర్తులు. ఏ శాఖో తేలక ద్రష్ట ఓబులేసుకి సాయంత్రం నాలుగు గంటలకి చదును గదిలో చోటు కేటాయించి, అడగాల్సినదాన్ని నివేదితని అడిగింది.

చదును అంటే నొప్పేమీ ఉండదు. ఇరవై నిమిషాల పని. మర్నాటి నుంచి ఆ కల రాదు. కలతో పాటు అందులోని మనిషీ, ఆ మనిషిని పిలిచే మాటా కూడా మెల్లగా నోటి నుంచి జారిపోతాయి. పునఃస్వప్నం బంధు శాఖదైతే చదును తప్పదు. చెడ్డవాళ్ళు పెట్టిన నియమం కాదిది, ఆ మాట ఒప్పుకోవాలి. నిర్జల మండలంలో చివరి బోరు కూడా ఎండిపోయి జనాన్నంతా ఈ తీరానికి తరలించిన ఏడాది, వదిలేసి వచ్చినవాళ్ళు కలలోకొచ్చి పిలిచారని మూడువేల మంది లేచి వెనక్కి నడిచారు. దాన్నే తిరుగునడక అంటారు. చుక్క నీళ్ళు లేని చోటికి నడిచినవాళ్ళు ఏమవుతారో చెప్పక్కర్లేదు. అదిగో, అప్పుడు పెట్టారు. దైవ శాఖని మాత్రం ముట్టుకోకూడదు. అన్ని మతాల పెద్దలూ ఒక్కటై పట్టుబట్టి రాయించుకున్న నియమం అది. దైవ శాఖలో చేరిన కలని గానీ, మాటని గానీ, ఎంత పెద్ద అధికారి అయినా చెరపడానికి వీల్లేదు.

ఆ నియమం లేకపోతే నివేదిత నివేదితే కాదు.

ఆమెని తరలింపు బస్సులో దించినప్పుడు రెండున్నరేళ్ళు. వెంట ఎవరూ లేరు. పేరు అడిగితే చెప్పలేదు. శిశుసదనంలో ఆరో ఏట మొదటిసారి తలగడ పెట్టినప్పుడు ఆమె కల బయటపడింది. ఎవరిదో ఒడి, తెరిచిన అరచెయ్యి, ఒక ఊపిరి, ఆ ఊపిరికి గాలిలోకి లేచే ఎర్రటి రేకలు. అప్పుడు పిల్ల నోట "జేజీ" అన్న పిలుపు. ద్రష్ట దాన్ని దైవదర్శనమని తేల్చింది. ఎర్రటివి కుంకుమ రేణువులంది. సదనం వార్డెనమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, దేవుడికి సమర్పించిన పిల్ల అని నివేదిత అన్న పేరు పెట్టింది.

అప్పటి నుంచి ఆమె ఆ పేరుకి తగ్గట్టే పెరిగింది. ప్రార్థనకి ముందు వరుస, వారానికి రెండు ఉపవాసాలు, గట్టిగా మాట్లాడకపోవడం. సదనంలో తోటిపిల్లలకి పద్దెనిమిది నిండగానే ఒక్కొక్కరినీ చదునుకి తీసుకెళ్ళేవారు. వచ్చాక వాళ్ళు కొన్నాళ్ళు ఏదో మర్చిపోయినట్టు గుమ్మాల్లో నిలబడేవాళ్ళు. ఆమె కల మాత్రం ఆమెకే ఉండిపోయింది. నెలకి పది పదిహేనుసార్లు వచ్చేది. లేచాక చాలాసేపు ఒళ్ళంతా వెచ్చగా ఉండేది. తనకి ఎవరూ లేకపోయినా దేవుడు ఉన్నాడని, తన దగ్గరికి ప్రత్యేకంగా వస్తాడని నమ్మింది. కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

మాట తేలనప్పుడు కలగన్న మనిషినే పిలిచి అడగాలి. ఓబులేసుని పిలిపించింది. సన్నగా, ఎండకి కమిలిపోయిన మనిషి. కుర్చీ చూపిస్తే దాని అంచున కూర్చున్నాడు. ఎందుకు పిలిచారో చెప్పి, కార్యాలయం పద్ధతిలో మర్యాదగా అడిగింది, జేజి అంటే ఆయన ఉద్దేశంలో ఎవరని.

ఓబులేసు ఆమెని జాలిగా చూశాడు.

"జేజి అంటే జేజే పాపా. మా నాయన్ని కన్నతల్లి."

"నాయనమ్మా?"

"మీరు అట్ల అంటారేమో. మా పక్క జేజి అంటాము. ఈ పక్క దేవున్ని జేజి అంటారంట గదా, పసిపిల్లోల్లకి దండం పెట్టను నేర్పేటప్పుడు. నాకు ఈడికొచ్చినాకే తెలిసింది."

నివేదిత రాసుకుంటోంది. తర్వాతి ప్రశ్న కూడా కాగితం మీద ఉన్నదే, కలలో ఆమె ఇంకేం చేస్తుంటుందని. ఓబులేసు ముఖం విప్పారింది. నశ్యం పట్టేది, తిట్టేది, వీపు చరిచేది అంతా ముందు భాగమట. వెనక భాగం తలగడకి సరిగ్గా అందలేదేమోనన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

"శెనక్కాయలు ఏంచుతాది. వేడివేడివి అరచేతిలో ఏసుకోని ఇట్ల నలుపుతాది. నలిపి ఉఫ్ అని ఊదుతాది. పొట్టంతా లేచిపోతాది. వట్టి గింజలు నా నోట్లో పెడతాది. పొట్టుతో తింటే పిల్లోల్లకి దగ్గొస్తాదని ఆమెకి భయం."

శెనక్కాయలంటే వేరుశనగలని నివేదితకి తెలుసు, పదకోశంలో ఉంది. ఎప్పుడూ చూడలేదు. ఆ పంట పండే నేలంతా తరలింపుతోనే పోయింది. ఈ ఊళ్ళో తినేది నాచు రొట్టె, చేప పొడి.

"ఆ పొట్టు ఏ రంగులో ఉంటుంది?" అని అడిగింది.

"ఎర్రగా."

"కుంకుమలాగా?"

"ఆ, దగ్గర దగ్గర అట్లే. ఎండలో ఎగిరేటప్పుడు అచ్చం అట్లే ఉంటాది."

నివేదిత లేచి నిలబడి, సరే, బయట బెంచీ మీద కూర్చోండి, పిలుస్తాం అంది, కసురుతున్నట్టు. ఆ ముసలాయన ఏం తప్పు మాట్లాడానోనని నొచ్చుకుంటూ వెళ్ళాడు.

మొదట వచ్చింది కోపమే. ముప్పై నాలుగేళ్ళ మనిషి, తన బతుకంతా ఒక తప్పు అర్థం మీద నిలబెట్టుకుందని తెలిస్తే ఎవరికి రాదు? ఉపవాసాలన్నీ గుర్తొచ్చాయి. దేవుడొచ్చే పిల్ల అని అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చినవన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. దేవుడు లేడు, కుంకుమ లేదు. ఎవరో ఒక ముసలావిడ, వేరుశనగ పొట్టు.

అలా ఎంతసేపు కూర్చుందో. తర్వాత మెల్లగా ఆ కలనే మళ్ళీ తలుచుకుంది, ఈసారి కుంకుమ అనుకోకుండా. అరచెయ్యి పెద్దగా ఏం లేదు. మోటుగా ఉంది, వేలి సందుల్లో మసి. ఊదుతున్నప్పుడు ఆ ఊపిరి తన ముఖానికి తగలకుండా ఆవిడ తల పక్కకి తిప్పుకుంటోంది. పొట్టు తన కళ్ళల్లో పడుతుందని. ఇన్నేళ్ళూ ఆ తల తిప్పడం చూస్తూనే ఉంది, దాన్ని దైవలీల అనుకుంది. దేవుడు అందరివాడు. ఈ మనిషి మాత్రం, ఆ నీళ్ళు లేని ఊళ్ళో ఎక్కడి నుంచో నాలుగు గింజలు తెచ్చి, వేయించి, నలిపి, ఊది, ఒక్క తనకోసం, ఈ నోట్లో పెట్టింది. తను ఎవరికీ చెందని పిల్ల కాదు. నివేదితకి ఏడుపు ఆగలేదు. బల్ల కింద తలపెట్టి, ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చింది.

ముఖం కడుక్కుని వచ్చి పదకోశంలో లెక్క తీసింది. జేజి అన్న ఒక్క మాట మీద నిలబడి దైవ శాఖలో ఉన్న పునఃస్వప్నాలు రెండువేల మూడువందల పదహారు. కనేవాళ్ళందరూ తనలాగే తరలింపు బస్సుల్లో ఒంటరిగా వచ్చిన పిల్లలు. వాళ్ళలో ఇద్దరు పూజారులయ్యారు, ఒకామె సన్యాసం పుచ్చుకుంది. ఆ పక్క నుంచి వచ్చిన పెద్దవాళ్ళ కలలు మొదటి ఏడాదే, కోశం పుట్టకముందే, చదునైపోయాయి, వాళ్ళ నోట్లో ఆ మాట కూడా పోయింది. తప్పని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఓబులేసు గొట్టాల కాపలాలో ఊరికి దూరంగా ఉండి తప్పించుకున్నాడు కాబట్టి సరిపోయింది.

దైవ శాఖ మాటని చెరపకూడదు గానీ, తప్పు అర్థాన్ని దిద్దే హక్కు పదనిర్ణేతకి ఉంది. ఇప్పుడు జేజి అంటే నాయనమ్మ, శాఖ బంధు, అని రాస్తే చాలు. సాయంత్రానికల్లా ఓబులేసు నాయనమ్మ పోతుంది. నెల తిరిగేలోపు మిగతావన్నీ పోతాయి, తనదానితో సహా.

మధ్యాహ్నం పర్యవేక్షకులు వీరభద్రం గారి గదికి వెళ్ళింది. గోదావరి వైపు నుంచి వచ్చినాయన, మెత్తని మనిషి. వచ్చే ఏడు రిటైరవుతారు. జేజి అన్న మాటకి అర్థం రాసిందెవరని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. తనేనన్నారు. కోశం మొదలైన రోజు మొట్టమొదట రాసిన మాటల్లో అదొకటట. వాళ్ళ మామ్మ ఆయన్ని చంకనేసుకుని, జేజికి దండం పెట్టు నాన్నా అనేదట. ఆ ముచ్చటతోనే రాశారట.

నివేదిత జరిగింది చెప్పింది. వింటూ వింటూ ఆయన కుర్చీలో చిన్నగా అయిపోయారు. అయితే ముప్పై ఏళ్ళుగా ఇంతమంది పిల్లల్ని దేవుడి పేరు చెప్పి మోసం చేశానన్నమాట అన్నారు. కాదండీ, కాపాడారు అంది నివేదిత. ఆయనకి ఆ మాట ఎక్కలేదు. తప్పని తెలిశాక ఉంచితే నేరం, దిద్దాల్సిందే అన్నారు. తిరుగునడక ఆఖరుసారి జరిగి పందొమ్మిదేళ్ళయింది కదా, ఇంకా ఈ చదును ఎందుకని ఆమె అడిగింది. ఎత్తేశాక ఒక్క మనిషి నడిచినా ఎవరు జవాబు చెప్తారమ్మా, అందుకే ఎవరూ కదపరు అన్నారు. ఆమె తలుపు దాకా వెళ్ళాక మెల్లగా అడిగారు.

"నీ కల కూడా అదే కదమ్మా?"

"అవునండి."

ఆయన కాగితాలు సర్దుకున్నారు. ఆమె ఏది రాసినా గంటలోపు రద్దు చేసే అధికారం ఆయనకుంది. ఇన్నేళ్ళలో దాన్ని వాడాల్సిన అవసరం రాలేదు, అంతే.

చదును గది ముందు బెంచీల మీద ఎనిమిదిమంది ఉన్నారు. నివేదిత వెళ్ళి ఓబులేసు పక్కన కూర్చుంది. ఉద్యోగులు అలా కూర్చోరు. కసిరినందుకు ఏమీ అనుకోవద్దంది. ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. తనకి తేలాల్సింది ఒకటి ఉంది, అది అడిగింది.

"తాతా, కలలో ఆమె పిలిస్తే లేచి వెనక్కి వెళ్ళాలనిపిస్తుందా మీకు?"

ఓబులేసు ఆలోచించి చెప్పాడు. "యాడికి పోదును పాపా? ఆడ నీళ్ళు లేవని నాకు తెల్దా? గొట్టాల కాడ ఉన్నప్పుడు ఆ దారిన పోయినోల్లని నేనూ చూసినా. వాళ్ళకి కల రాక పోయినారు, వచ్చి కాదు. బస్సులో ఏసిన మత్తుమందుకి అందరికీ కొన్నాళ్ళు కలలు ఆగిపోయినాయి గదా. ఎతుక్కుంటా పోయినారు. నాకు ఆమే వస్తాంది. ఇంగ నేనెందుకు పోయేది?"

నివేదిత ఆయన చేతిని ఒకసారి పట్టుకుని లేచింది. ఆ మాట ఏ నివేదికలోనూ లేదు. నడిచినవాళ్ళు వెనక్కొచ్చి చెప్పలేదు, చూసినవాణ్ణి ఎవరూ అడగలేదు. ఒక ముసలాయన మాట మీద ముప్పై ఏళ్ళ నియమాన్ని కదపవచ్చా అంటే, ఆమెకీ భయమే. పలక మీద ద్రష్ట ప్రశ్న ఇంకా వెలుగుతూనే ఉంది. గడియారంలో మూడుంబావు.

అబద్ధం రాసి జేజిని దేవుడిగా ఉంచేయవచ్చు. అప్పుడు కలలుంటాయి గానీ, రెండువేల మందీ తమ ఇంటి మనిషిని గుర్తుపట్టకుండానే పోతారు. నిజం రాస్తే గుర్తుపడతారు, గుర్తుపట్టిన నెలలోనే పోగొట్టుకుంటారు. నివేదిత ఈ రెండింటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఇలా రాసింది: జేజి. అర్థం, నాయనమ్మ. శాఖ, దైవం.

ద్రష్ట వెంటనే అడ్డుపడింది. "బంధువు దైవశాఖయందు చేరునా? పూర్వోదాహరణము చూపుడు."

చూపించింది. కోశంలో ఎప్పటి నుంచో ఉన్నవే, కొత్తగా కల్పించిందేమీ లేదు. మల్లన్న, అంజన్న, దైవ శాఖ. పెద్దమ్మ, దైవ శాఖ. అక్కదేవతలు, దైవ శాఖ. ఊరికో అమ్మ, దైవ శాఖ. మన జనం దేవుణ్ణి దేవుడని పిలిచింది తక్కువ. అన్నా అన్నారు, అక్కా అన్నారు, అమ్మా అని కేకేశారు. ఒక్కో మాటనీ బల్ల గుద్దినట్టు ద్రష్ట ముందు పెట్టింది.

ద్రష్ట చాలాసేపు తీసుకుంది. అంతసేపు తీసుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. చివరికి అక్షరాలు వెలిగాయి. "ఈ భాషవారు దైవమును బంధువుగా పిలుతురు. బంధువును దైవముగా ఎంచుటకు ఆటంకము కానరాదు. ఈ న్యాయము సకల బంధుపదములకు వర్తించునా?"

ఇది ఆమె అనుకోలేదు. జేజి వరకే అనుకుంది. సకల బంధుపదాలంటే అమ్మ, నాన్న, అన్న, అత్త, మామ, తాత, ఇంకా పిలిచే ప్రతి పిలుపూ. కొత్తతీరంలో ఇక చదును చేయడానికి ఒక్క కల మిగలదు. ఆ బెంచీ మీద కూర్చున్న మిగతా ఏడుగురికీ ఎవరెవరు వస్తున్నారో, ఎవరెవరిని పోగొట్టుకోబోతున్నారో ఆమెకి తెలియదు. ఓబులేసు మాట నిజం కాకపోతే? ఎవరైనా లేచి నడిస్తే? జవాబు చెప్పేది నేనే, అనుకుంది. అవును అని నొక్కింది.

రెండు నిమిషాల్లో వీరభద్రం గారు చెప్పులు కూడా వేసుకోకుండా, తన పలక చేత్తో పట్టుకుని వచ్చేశారు. ఆయన పలక మీద చదును గది జాబితా వరుసగా ఖాళీ అవుతోందట. ఏం చేశావమ్మా అని ఆయన అడుగుతుండగానే ద్రష్ట ఆఖరి ప్రశ్న వేసింది. కొత్త అర్థం రాసినప్పుడల్లా అడిగేదే అది. "ఈ పదము మీకెవరి వలన తెలిసినది? ఆధారము వ్రాయుడు."

ఓబులేసు పేరు రాయబోయి నివేదిత ఆగింది. ఆయన తనకి అర్థం చెప్పాడు. మాట మాత్రం అంతకుముందే తెలుసు. పలక మీద రెండే మాటలు కొట్టింది: మా జేజి.

"ఆధారము దైవము," అంది ద్రష్ట. "దైవశాఖయందలి నమోదును రద్దుచేయ నెవ్వరికిని అధికారము లేదు. ముగిసినది."

వీరభద్రం గారు ఆమె భుజం మీదుగా చదివారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివారు. రద్దు చేసే మీట ఆయన పలక మీద వెలసిపోయి ఉంది. ఆయన దాన్ని ఒకసారి నొక్కి చూశారో లేదో నివేదిత గమనించలేదు.

"నేను మామ్మని మొదటి రోజే చదును చేయించుకున్నానమ్మా," అన్నారాయన. "మామ్మ అన్న మాటా, చంకనేసుకునేదనీ కాగితం మీద రాసిపెట్టుకోబట్టి గుర్తున్నాయి. ముఖం లేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకుని, దేవుడే చెప్పాక కొట్టెయ్యడానికి నేనెవర్ని అని గొణుక్కుంటూ నడవాలోకి వెళ్ళారు. బెంచీ మీద వాళ్ళు గాభరాగా లేచి నిలబడిన చప్పుడు వినిపించింది. ఎవరో, ఇంకెంతసేపు పడుతుందండీ అని అడిగారు. మందేమైనా ముందే మింగాలా అని ఇంకెవరో అడిగారు.

"ఏమీ వద్దు," అన్నారు వీరభద్రం గారు. "ఇంటికెళ్ళి పడుకోండి. అందరూ."

నివేదిత పలక ఆపేసింది. రేపు ఏమవుతుందో, తనని ఎవరు పిలిచి ఏం అడుగుతారో తెలియదు. ఆ క్షణంలో ఆమెకి నిద్ర తప్ప ప్రపంచంలో ఇంకేదీ వద్దనిపించింది. ఆ ఒడిలోకి మళ్ళీ వెళ్ళాలి, ఎవరిని పిలుస్తోందో ఈసారి తెలిసి పిలవాలి.